కాలరు మాయని చొక్కాలు

ఇస్త్రీ అక్క నోరు తెరిస్తే వీధి మలుపు తిరగబోయే బస్సు కూడా ఒక్క క్షణం ఆగి, విని, అప్పుడు పోయేదని చెప్పుకునేవాళ్లు. బస్సు సంగతేమో గానీ, ఆ వీధిలో ఎవరింట్లో గిన్నె కిందపడినా అది జారి పడిందా, విసిరితే పడిందా అన్న వివరం మాత్రం పొద్దెక్కేలోగా ఆమె ఇస్త్రీ బల్ల మీదికి వచ్చి చేరేది. ఎదురుగా అందరూ "ఇస్త్రీ అక్కా" అనేవాళ్లు. పక్కకెళ్లి "మైకు" అనేవాళ్లు. ఆ పేరు ఆమెకూ తెలుసు. ఎవరు పెట్టారో, పెట్టినప్పుడు ఎవరెవరు నవ్వారో కూడా తెలుసు.

కొట్టంటే ఎంతో లేదు. మేడ మెట్ల కింద మిగిలిన జాగా. బల్లకి ఇవతల నిలబడితే మనిషి, అవతలికి పోతే మెట్టు నెత్తికి తగిలి సగం మనిషి. బల్ల మీద పాత దుప్పటి, దాని మీద తెల్లగుడ్డ, ఆ గుడ్డ నడుమ ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. ఆ మచ్చ పడిన రోజున పై అంతస్తులో మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటున్నారు. మాట మధ్యలో పెట్టె ఎత్తితే చప్పుడవుతుందని ఆమె ఎత్తలేదు.

బట్టలకి నోరు లేదని జనం అనుకుంటారు. ఆమె చేతికొస్తే చాలు, గడగడా చెప్పేసేవి. మంచం దుప్పట్లు ఒకటి కాక రెండు ఉతుక్కి పడుతున్నాయంటే ఆ ఇంట్లో ఒకరు వేరే గదిలో పడుకుంటున్నట్టు. చర్చి సంఘపెద్ద ప్యాంటు మోకాళ్ల దగ్గర నెలల తరబడి నలగకపోతే ఆయన ఇంట్లో ప్రార్థనకి మోకరించడం మానేసినట్టు. ఆ మాట ఆమె ఆయనతోనే అనేసింది. మర్నాటి నుంచి ఆ ప్యాంట్లు మోకాళ్ల దగ్గర ఎంత నలిగి వచ్చాయంటే, ఆయన చేత్తో నలిపి పంపుతున్నాడని మళ్లీ కనిపెట్టింది.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రసంగంలో, ప్రతి మనిషినీ దేవుడు ఒక పని మీద పంపాడు, అదేదో తెలుసుకుని దాని ప్రకారం బతకాలి అన్నారు. తక్కినవాళ్లంతా ఆ మాటను గుడి మెట్ల మీదే వదిలేసి చెప్పులేసుకున్నారు. ఇస్త్రీ అక్క మాత్రం ఇల్లు చేరేలోపు తన పనేదో తేల్చేసుకుంది. దేవుడు తనకి పదిమందికి సరిపడా నోరిచ్చాడు, గోడ అవతల కూడా కనపడే కళ్లిచ్చాడు. ఊరికే ఇస్తాడా? ఎవరింట్లో ఏ కష్టముందో కనిపెట్టి, శుక్రవారం స్త్రీల కూడికలో పెట్టి, అందరిచేతా ప్రార్థన చేయించడం. అదే తన పని.

"చూశావా," అంది ఆ మధ్యాహ్నం మొగుడితో. ఆయన పైపుల మేస్త్రి. జీవితమంతా ఇనప గొట్టాల్ని సుత్తితో కొట్టీ కొట్టీ చెవులు దిబ్బడ పడిపోయాయి. "నాకు నోరిచ్చి, నీకు చెవులు తీసేశాడు. ఎంత ఆలోచించి జత కలిపాడో చూడు."

"ఆఁ, నీళ్లు కాగాయా? పోసుకుంటా," అని ఆయన తువ్వాలు తీసుకుని స్నానానికి పోయాడు.

కూడికలో ఆమెకొక నియమం ఉండేది. ప్రాణం పోయినా పేరు చెప్పదు. "పేరు చెప్పను గానీ అమ్మగారూ," అని మొదలుపెట్టేది, "ఆకుపచ్చ గేటు, రెండో అంతస్తు, గోధుమరంగు కుక్క, ఆయన బ్యాంకు, ఆమెకి ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. ఆ ఇంట్లో శాంతీ సమాధానం లేవు. ప్రార్థన చెయ్యండి." పాస్టరమ్మగారు కళ్లు మూసుకుని తలూపేది. మిగతా ఆడవాళ్లు "అయ్యో తండ్రీ" అంటూ మనసులోనే ఆ ఆకుపచ్చ గేటు తీసుకుని లోపలికి పోయేవాళ్లు. ప్రార్థన ముగిశాక వీధి మలుపులో బేకరీ నడిపే వదిన ఆమె మోచెయ్యి పట్టుకుని, "చెప్పు వదినా, ఏం జరిగింది? పూర్తిగా తెలిస్తే భారంగా ప్రార్థిస్తాం కదా," అనేది. భారంగా ప్రార్థించడం కోసం ఇస్త్రీ అక్క మిగిలిందీ చెప్పేది.

అలాంటి వీధిలోకి టైలరమ్మ వచ్చి పడింది.

ఎదురు మేడలో పైగది. కిటికీ పక్కన కుట్టుమిషను, ఒక మంచం, ఏడేళ్ల కూతురు. ఆ పిల్ల నడిచిన రోజు లేదు, ఎప్పుడూ గెంతడమే. వీధి వీధంతా దాన్ని పిచ్చుక అనేది. మొగుడు దూరాలకి లారీ తోలతాడని, ఏ వేళప్పుడో వచ్చి, తెల్లారకముందే పోతాడని టైలరమ్మ చెప్పింది. పిచ్చుకా అదే చెప్పేది, ఇంకొంచెం పెద్దదిగా. వాళ్ల నాన్న లారీకి ఎన్ని చక్రాలున్నాయో అది వేళ్ల మీద చూపించబోతే చేతివేళ్లు చాలక కాలివేళ్లు కూడా వాడాల్సి వచ్చేది. నాన్న వచ్చినప్పుడల్లా తనని ముద్దు పెట్టుకునే పోతాడని, తను నిద్రలో ఉంటుంది కాబట్టి తెలీదని అంటుండేది.

ప్రతి వారం టైలరమ్మ మొగుడి చొక్కాలు ఇస్త్రీకి తెచ్చేది. నీలం గళ్లవి, ఒక తెల్లది, ఒక బూడిదరంగుది. ఎడమ కఫ్‌కి గుండీ మారిన చొక్కా ఒకటి. వెడల్పాటి భుజాలు. మనిషి గట్టివాడే అనుకుంది ఇస్త్రీ అక్క.

కొన్ని వారాలకి ఆమె చెయ్యి బల్ల మీద ఆగిపోయింది. లారీ తోలేవాడి చొక్కా కాలరు ఎలా ఉంటుందో ఆమెకి చెప్పాలా? ఎంత ఉతికినా మెడ దగ్గర నల్లటి చార వదలదు, చంకల్లో తెల్లటి ఉప్పు గీత, వీపున సీటుకి రాసుకుని అరిగిన గుడ్డ. ఈ చొక్కాలకి అవేవీ లేవు. నీళ్లలో ముంచి ఆరేసినట్టున్నాయి, అంతే. పైగా పోయినవారం తను వేసిన మడతల గీతలు, తను వేసినచోటే, చెక్కు చెదరకుండా ఉన్నాయి. వాటిని ఎవరూ తొడుక్కోలేదు.

ఇస్త్రీ అక్కకి ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు టైలరమ్మ రాగానే చొక్కా కాలరు తిరగేసి చూపించింది.

"చెల్లీ, మీ ఆయనకి చెమట పట్టదా?"

టైలరమ్మ మొహంలో రంగు దిగిపోయింది. అటూ ఇటూ చూసి, మెట్ల కిందకి, ఆ సగం మనిషి జాగాలోకి వచ్చి వంగి నిలబడింది. "అక్కా, మెల్లగా," అంది. ఆపైన గుసగుసగా చెప్పింది. లారీ కింద పడి ఒక ముసలాయన చచ్చిపోయాడు. తోలుతున్న మొగుడికి కునుకు పట్టింది. జైల్లో ఉన్నాడు. తను నెలకోసారి పోయి చూసొస్తోంది. బట్టలు కుట్టడానికి ఇచ్చేవాళ్లు భయపడకుండా ఉండాలని, ముఖ్యంగా పిల్ల నమ్మాలని, ఈ చొక్కాల నాటకం.

"పిల్లకి తెలీకూడదక్కా. ఆయన వచ్చి, ఆయనే దానికి చెప్తానన్నాడు. ఒట్టేయించుకున్నాడు నా చేత. వేరేవాళ్ల నోట వింటే అది ఆయన మొహం చూడదు. నీకొక్కదానికే చెప్పాను."

"పిచ్చిదానా, నేనెవరికి చెప్తాను!" అంది ఇస్త్రీ అక్క. నిజంగానే అంది. కళ్లనీళ్లు పెట్టుకుని మరీ అంది. ఆ చొక్కాలని ఆ రోజు ఎంత ప్రేమగా చేసిందంటే, కాలరు అంచులు కత్తిలా తేలాయి.

ఇక ఆ వారం ఆమె పడ్డ అవస్థ పురిటినొప్పులు పడ్డవాళ్లకే తెలియాలి. మాట గొంతు దాకా వచ్చేది, మింగేది. మళ్లీ వచ్చేది. కడుపు ఉబ్బింది. బేకరీ వదిన రొట్టె తెచ్చిస్తే వద్దంది. ఆగలేక ఒక సాయంత్రం మొగుడి చెవిలో మొత్తం చెప్పేసింది. చెవిటివాడికి చెప్తే చెప్పినట్టు కాదు కదా అని.

ఆయన శ్రద్ధగా విని, "కుళాయి కారుతోందా? రేపు చూస్తాలే," అన్నాడు.

ఆమె కడుపు తగ్గలేదు.

శుక్రవారం వచ్చింది. కూడికలో తన వంతు వచ్చేదాకా పెదాలు బిగపట్టి కూర్చుంది. ఆ తల్లి ఒంటరిగా మోస్తోంది, నలుగురం ప్రార్థిస్తే తేలికవుతుంది కదా అని మనసు నచ్చజెప్పింది. పైగా తన పని అదే కదా, దేవుడప్పగించిన పని. "పేరు చెప్పను గానీ అమ్మగారూ," అంది. అన్నాక నోరు తన మాట వినలేదు. "మా వీధిలోనే. పైగది. చేతిపనితో బతికే పిల్ల. ఆమె భర్త లారీ తోలతాడనుకుంటున్నారు అందరూ. తోలడం లేదు. గోడల మధ్య ఉన్నాడు. ఇనప చువ్వల వెనక. ఒక ప్రాణం పోయింది. చిన్నపిల్లకి తెలీదు, తెలీకూడదు. భారంగా ప్రార్థన చెయ్యండి."

అందరూ భారంగానే చేశారు. అంత భారంగా ఆ కూడికలో ఏనాడూ ఎవరూ చెయ్యలేదు.

మర్నాటి నుంచి టైలరమ్మకి రొట్టె కొంటే ఇంకో రొట్టె ఊరికే వచ్చేది. మిషను దగ్గర బట్టలిచ్చేవాళ్లు గుమ్మం దాటి లోపలికి రావడం మానేశారు. వీధిలో ఆడవాళ్లు పిచ్చుక తల నిమరడం మొదలుపెట్టారు. పిచ్చుక ఒకటి రెండు రోజులు సంబరపడి, తర్వాత, "అమ్మా, నాకు జ్వరమొచ్చిందా? అందరూ నా నుదురు పట్టి చూస్తున్నారు," అని అడిగిందట.

టైలరమ్మ ఒక పొద్దున్న బల్ల ముందుకు వచ్చి నిలబడింది. చేతిలో చొక్కాల మూట. అరుస్తుందనుకుంది ఇస్త్రీ అక్క. అరిస్తే బాగుండేది.

"పిల్లకి మాత్రం ఇంకా తెలీదు," అంది టైలరమ్మ. "నిన్ను తిట్టడానికి రాలేదు. ఇంక అదొక్కటే మిగిలింది నాకు. అదైనా మిగల్చు." మూట బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ బల్ల ముందు ఇంకోసారి నిలబడలేక కాబోలు, వాటికోసం మళ్లీ రాలేదు.

ఆ రోజే ఇస్త్రీ అక్క లోపల ఏదో మడత విప్పుకుంది. ఇన్నాళ్లూ దేవుడి పని అనుకున్నది ఎవరి పనో ఆమెకి ఒక్కసారిగా అర్థమైంది. బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. పక్కన పెట్టె వేడెక్కి చిటపటలాడుతోంటే తీసి పక్కన పెట్టాలని కూడా తోచలేదు. సాయంత్రం అయ్యగారింటికి పోయి గుమ్మంలోనే కూలబడి ఉన్నదంతా చెప్పింది.

అయ్యగారు అంతా విన్నారు. "పశ్చాత్తాపం నా దగ్గర పడితే సరిపోదమ్మా," అన్నారు చివరికి. "పోయి ఆ తల్లి గుమ్మం ముందు కూర్చో. తిడితే పడు. తలుపు తియ్యకపోతే రేపు మళ్లీ పో. ఎల్లుండి కూడా పో. ఆమె ఎప్పుడు తీస్తే అప్పుడు."

"తియ్యకపోతే అయ్యగారూ?"

"తియ్యకపోయినా పోవాలి."

ఇస్త్రీ అక్క పోయింది. మెట్లెక్కి తలుపు కొట్టింది. లోపల మిషను చప్పుడు ఆగింది. "చెల్లీ, నేనే," అంది. మిషను మళ్లీ మొదలైంది. ఆమె గుమ్మం ముందు కూర్చుంది. కాళ్లు తిమ్మిరెక్కేదాకా కూర్చుంది. నిశ్శబ్దంగా కూర్చోవడం ఆమెకి పుట్టిన తర్వాత అదే మొదలు. లేచి వచ్చేసింది. మర్నాడు మెట్ల దాకా పోయి తిరిగొచ్చింది. ఆపైన మెట్ల వైపు కూడా పోలేదు.

ఎందుకంటే ఆమెకి ఇంకో ఆలోచన వచ్చింది. తప్పు చేసింది నలుగురిలో. ఒప్పుకోవడం చాటుగా ఎలా అవుతుంది? పెద్ద తప్పుకి పెద్దగా ఒప్పుకోవాలి. ఆదివారం ఆరాధనలో, అందరి ముందూ, మైకులో. ఈసారి పేరు దాచకుండా. పేరు దాచడమే కదా ఇన్నాళ్లూ తను చేసిన మోసం! ఆ ఆలోచన వచ్చాక గుండె ఎంత తేలికైందంటే, గాల్లో తేలిపోతూ ఇస్త్రీ చేసింది. అయ్యగారిని అడగాలని తోచలేదు. మంచి పనికి అడగడమేంటి?

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడింది. టైలరమ్మ ఎప్పుడూ ఆరాధనకి వచ్చేది కాదు, పిల్లని మాత్రం పిల్లల తరగతికి పంపేది. మైకు చేతికొచ్చింది. ఆమె మాట్లాడింది. మాటలు నిజంగా గుండెలోంచి వచ్చాయి. మగవాళ్ల వైపు కూడా కళ్లు తుడుచుకున్నారు. "టైలరు చెల్లి నన్ను నమ్మి చెప్పింది," అంది వెక్కుతూ. "నీ మొగుడు లారీ కింద మనిషిని చంపి జైల్లో ఉన్నాడని నేనే అందరికీ చెప్పాను తల్లీ. నీ పిచ్చుకకి నాన్న రాడని తెలీదు, ఆ పసిదాని నమ్మకం మీద నా నోరు పెట్టాను. ప్రభువా, నన్ను క్షమించు!"

"ఆమేన్" అని హాలంతా మోగింది.

గుడి వెనక రేకుల గదిలో పిల్లల తరగతి జరుగుతుంది. అక్కడ గోడకి ఒక స్పీకరు పెట్టె ఉంది. పిల్లలకి చెప్పే పంతులమ్మలు ఆరాధన పోగొట్టుకుంటున్నారని, వాళ్లకీ వినపడాలని, కిందటేడు సంఘాన్ని పోరి పోరి ఆ పెట్టె పెట్టించింది ఎవరనుకున్నారు?

ఆమె మైకు కింద పెట్టి తిరిగేసరికి పంతులమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మొహం చూడగానే ఇస్త్రీ అక్కకి ఆ పెట్టె గుర్తొచ్చింది.

ఆ మధ్యాహ్నం పిచ్చుక కొట్టు దగ్గరికి వచ్చింది. నడుచుకుంటూ వచ్చింది. బల్ల అంచుకి గడ్డం ఆనించి నిలబడింది. అది ఏడవడం లేదు.

"పెద్దమ్మా, మా నాన్న చొక్కాలు నువ్వే కదా ఇస్త్రీ చేసేదానివి?"

"అవునమ్మా."

"అవి మాసి ఉండేవా?"

ఇస్త్రీ అక్క నోరు తెరిచింది. అవునంటే అబద్ధం. కాదంటే ఆ పిల్లకి మిగిలిన ఆఖరి పోగు కూడా తనే తెంపినట్టు. వీధి వీధినంతా ఏళ్ల తరబడి ఊపేసిన ఆ నోట్లోంచి గాలి తప్ప ఇంకేమీ రాలేదు. పిల్ల కాసేపు చూసింది. దాని జవాబు దానికి దొరికింది. వెనక్కి తిరిగి, అలాగే నడుచుకుంటూ మెట్లెక్కి పోయింది.

రెండు పొద్దులు గడవకముందే పైగది ఖాళీ అయింది. ఎక్కడికి పోతున్నావమ్మా అని ఇంటి ఓనరు అడిగితే, "ఇక్కడివాళ్లెవరికీ తెలీని చోటికి," అందట టైలరమ్మ. కిటికీ రెక్క ఒకటి గాలికి కొట్టుకుంటూ ఉండిపోయింది.

ఇస్త్రీ అక్క వెతకబోయింది. వెతకాలంటే అడగాలి. అడగాలంటే ఎవరు, ఏమిటి, ఎందుకు అని చెప్పాలి. చెప్పిన చోటల్లా ఆ కథ మళ్లీ దిగబడుతుంది, పారిపోయిన తల్లీకూతుళ్ల కంటే ముందే పోయి వాళ్ల కొత్త గుమ్మంలో కూర్చుంటుంది. బస్టాండు దాకా పోయి, టిక్కెట్లిచ్చేవాణ్ని చూస్తూ నిలబడి, ఏమీ అడక్కుండా వెనక్కి వచ్చింది. మోకాళ్ల మీద పడితే ప్రార్థనకి కూడా మాట రాలేదు. వాళ్లెక్కడున్నారో దేవుడికి తెలుసు. తెలిసీ ఆయన ఎవరికీ చెప్పడు. అలా ఉండగలగడం ఎంత గొప్పో ఆమెకి ఆ పూట మొదటిసారి అర్థమై, అలాగే నుదురు నేలకి ఆనించి ఉండిపోయింది.

ఆమె మాట్లాడ్డం మానేసింది. మొదట్లో వీధి కంగారుపడింది. గొంతులో గడ్డ లేచిందని ఒకరు, పళ్లు ఊడాయని ఒకరు. తర్వాత విసుగొచ్చి బేకరీ దగ్గర కొత్త అడ్డా పెట్టుకున్నారు. శుక్రవారం కూడికలో ఆమె వంతు వస్తే తల అడ్డంగా ఊపేది. మొగుడొక రోజు అన్నం ముందు కూర్చుని చాలాసేపు ఆమె పెదాల వైపు చూశాడు.

"ఏమే, నాకు చెవుడు ముదిరిందా? నువ్వే మాట్లాడ్డం లేదా?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆయనకేం అర్థమైందో, లేచి పోయి, కారని కుళాయిని బిగించి వచ్చాడు.

చొక్కాల మూట అలాగే ఉంది. దుమ్ము పడుతోందని ఆమె వాటిని తడిపి, ఆరేసి, మళ్లీ ఇస్త్రీ చేసి పెడుతుండేది. ఎందుకో అడిగితే ఆమె చెప్పలేదు, తనకీ తెలీదు.

ఒక మండుటెండ వేళ బల్ల ముందు నీడ పడింది. తలెత్తే ముందే ఆమె చేతులు గుర్తుపట్టాయి. ఆ భుజాల వెడల్పు ఆ చేతులకి తెలుసు. ఒంటి మీద నలిగిన ముదురాకుపచ్చ చొక్కా, చేతిలో చిన్న సంచి.

"ఇస్త్రీ అక్కంటే మీరేనా అండి?" అన్నాడు. "మా ఇంటిది చెప్పేది, మీరు మంచివారని. ఎదురు పైగదికి తాళం వేసుంది. నన్ను చూడ్డానికి రావడం మానేసి చాలా రోజులైంది. ఒంట్లో బాగోలేదేమోనని... కింద ఎవర్నడిగినా మిమ్మల్నే అడగమంటున్నారు. ఈ వీధిలో మీకు తెలీకుండా ఏదీ జరగదంట కదా."

"నాకు తెలీదు బాబూ," అంది. గొంతు తుప్పుపట్టిన తలుపులా మోగింది.

అతను నవ్వబోయాడు. "ఎక్కడికెళ్లారో ఒక్క మాట చెప్పండక్కా. నేను గొడవ చేసేవాణ్ని కాదు."

"నిజంగా తెలీదు. నాకు తెలీకూడదనే ఎవరికీ చెప్పకుండా పోయింది. నీకేసిన ఒట్టు తప్పిందని నీకూ మొహం చూపలేకపోయిందేమో."

స్టూలు చూపించింది, కూర్చోలేదు. ఆమె నిలబడే చెప్పింది. కూడిక, మైకు, స్పీకరు పెట్టె, ఏదీ దాచలేదు, ఏదీ అలంకరించలేదు. జీవితంలో ఏ సంగతినీ ఉన్నంతే చెప్పని మనిషి ఆ ఒక్కసారి ఉన్నంతే చెప్పింది. చెబుతున్నంతసేపూ అతను సంచి పిడిని చుట్టి చుట్టి తాడులా చేశాడు.

"పాప ఏమంది?"

"చొక్కాలు మాసి ఉండేవా అని అడిగింది."

"మీరేం చెప్పారు?"

"ఏమీ చెప్పలేకపోయాను."

అప్పుడు కూర్చున్నాడు. "నేనే చెబుదామనుకున్నా," అన్నాడు నేలకేసి చూస్తూ. "లోపల రోజూ అదే పని. దానికెలా చెప్పాలా అని. మొదటి మాట కుదిరింది. రెండోది ఇంకా కుదర్లేదు."

"క్షమించమని అడిగే మొహం కూడా లేదు బాబూ నాకు."

"అడక్కండి," అన్నాడు. కోపంగా అనలేదు. "ఇప్పుడు నా దగ్గర లేదు. ఉంటే ఇచ్చేవాణ్నేమో." సంచి పిడి మళ్లీ పట్టుకుని, "నేనూ ఒకింటికి పోవాలి. ఆ ముసలాయన కొడుకిల్లు. పోయి అడుగుతా. అక్కడి నుంచి వీళ్లని వెతుక్కుంటూ పోతా. వాళ్లు తలుపు తీస్తారో, మొహాన వేస్తారో."

"తియ్యకపోయినా మళ్లీ పోవాలట బాబూ," అంది ఇస్త్రీ అక్క. "మా అయ్యగారు చెప్పారు. నేను పోలేదు. తలుపు తియ్యలేదని మైకు దగ్గరికి పోయాను."

అతను తలెత్తి ఆమెను మొదటిసారి సరిగ్గా చూశాడు.

ఆమె మూట విప్పింది. తెల్ల చొక్కా తీసి ఇచ్చింది. ఎవరింటి గుమ్మం ముందైనా నిలబడాలంటే నలిగిన చొక్కాతో ఎలా పోతాడు? అతను మెట్ల కింద ఆ ఇరుకులో వంగి చొక్కా మార్చుకున్నాడు. ఆమె కాలరు సరిచేయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తక్కినవి ఉంచండి," అన్నాడు. "వాటి కోసమైనా ఎప్పుడన్నా ఇటొస్తుందేమో."

"వస్తే ఏం చెప్పమంటావు?"

అతను ఎదురు కిటికీకేసి చూశాడు. "వచ్చి పోయానని చెప్పండి. ఆమెకొక్కదానికే." సంచి భుజానేసుకుని ఎండలో నడిచిపోయాడు. మలుపు దగ్గర ఎటు పోవాలో తెలియక నిలబడి, ఒక వైపు తిరిగాడు. ఆ వైపు ఎందుకు తిరిగాడో అతనికీ తెలిసినట్టు లేదు.

ఆ మలుపు నుంచే బేకరీ వదిన చేతులు తుడుచుకుంటూ పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఎవరు వదినా ఆ మనిషి? ఇంతసేపు నిలబడ్డాడు? లోపలికి పోయి చొక్కా మార్చుకున్నాడేంటి? నేనెవరికి చెప్తాను, చెప్పు."

"ఇస్త్రీ చేసిన చొక్కా కోసం వచ్చాడు."

"అంతేనా? కళ్లెందుకు అలా ఉన్నాయి నీకు? ఏదన్నా భారముంటే చెప్పు. శుక్రవారం అందరం కలిసి ప్రార్థన చేస్తాం కదా!"

"పెట్టె వేడిగా ఉంది, జరుగు వదినా," అంది ఇస్త్రీ అక్క.

బేకరీ వదిన ఇంకా కాసేపు నిలబడి చూసింది, మూతి తిప్పుకుని పోయింది.

బల్ల మీద అతను విడిచిన ఆకుపచ్చ చొక్కా పడి ఉంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. చెమట వాసన. కాలరు తిప్పి చూసింది. మెడ దగ్గర నల్లగా, మందంగా, చెయ్యి పెడితే అంటుకునేంత మురికి చార. ఉతుకుడు బట్టల వైపు వెయ్యబోయి ఆగింది.

ఆ చొక్కాని ఉతకలేదు. ఇస్త్రీ చెయ్యలేదు. ఎలా ఉన్నదాన్ని అలా మడిచి, తక్కిన చొక్కాలన్నిటి మీద, కాలరు పైకి కనపడేలా పెట్టి మూట కట్టింది. పిల్ల ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. రోజూ ఆ మూట దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెడుతుంది. అదేంటని ఎవరైనా అడిగితే, వేరేవాళ్ల బట్టలంటుంది.